చెలమ దగ్గర వరస

ఎర్రవాగు అడవిలో ఏ జంతువుని అడిగినా పులిని తరిమిన కథ చెబుతుంది. అడక్కపోయినా చెబుతుంది. అడవిపంది తన కోరకంటిన నెత్తురు గురించి చెబుతుంది. కుందేలు ఆ రోజు తనెంత వేగంగా పరిగెత్తిందో చెబుతుంది, ఎటువైపు పరిగెత్తిందో మాత్రం చెప్పదు. పులిని తరిమిన మర్నాడు ఏం జరిగిందన్నది మాత్రం ఎవరి నోటా రాదు. నన్నడిగితే అసలు కథ అక్కడే ఉంది.

ఎర్రవాగు వానాకాలంలో పొర్లి పారుతుంది. ఎండలు ముదిరితే ఇసకే మిగులుతుంది. ఆ ఇసకలో గొయ్యి తవ్వితే అడుగున నీళ్ళు ఊరతాయి, దాన్నే చెలమ అంటారు. అడవి మొత్తానికి చెలమ తవ్వగలిగింది ఏనుగు గుట్టమ్మ ఒక్కతే. ముందుకాళ్ళతో ఇసక ఎగదోసి, తొండంతో తోడిపోసి, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నీళ్ళు తెప్పించేది. తవ్వేది గుట్టమ్మ, తాగేది పులి. పులి తాగి లేచేదాకా మిగతావాళ్ళంతా తలలు వంచుకుని నిలబడాలి. లేచాక ఆ పులి తనకి నచ్చినవాళ్ళని పక్కకి రమ్మనేది. అలా వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేవాళ్ళు కాదు.

ఒకనాడు గుట్టమ్మ ఓపిక చచ్చిపోయింది. అందర్నీ భుజానికి భుజం ఆనించి నిలబెట్టింది, పులిని కొండ అవతలికి తరిమేసింది. అది మళ్ళీ ఇటు చూడలేదు.

మర్నాడు గుట్టమ్మ ఎప్పట్లా చెలమ తవ్వింది. అందరూ వచ్చారు. వచ్చి, తలలు వంచుకుని నిలబడ్డారు! నీళ్ళు ఎదురుగా ఉన్నాయి, నోళ్ళు ఎండిపోతున్నాయి, ఒక్కరూ ముందుకి కదలరు. ఎవరికోసం ఆగుతున్నారో వాళ్ళకే తెలీదు.

నక్క తోకరాయుడు మాత్రం చురుగ్గా ముందుకొచ్చాడు. "అమ్మా గుట్టమ్మా, నువ్వు కానివ్వు. నిన్నటిదాకా పులి, ఇవాళ్టినించి నువ్వు. నువ్వు తాగి మిగిల్చింది మాకు ప్రసాదం" అన్నాడు.

గుట్టమ్మకి నిజంగానే దాహంగా ఉంది. తవ్వింది తను, తరిమింది తను. తొండం నీళ్ళదాకా చాపింది కూడా. అప్పుడు ఆ వంచిన తలలు కనబడ్డాయి. ఇవాళ నేను ముందు తాగితే రేపు కూడా నేనే ముందు తాగాలి, ఎల్లుండి అది నా హక్కు అయిపోతుంది అనుకుంది. చాపిన తొండం వెనక్కి తీసుకుంది.

"ఇవాళ అందరికంటే ముందు ఎవరొచ్చారు?" అని అడిగింది.

"నేనేనమ్మా... పొరపాటైపోయింది" అంది కుందేలు వణుకుతూ.

"పొరపాటేం కాదు. ముందొచ్చావు గనక ముందు తాగు."

కుందేలు ఒక్కో గుక్కకీ ఒకసారి తలెత్తి గుట్టమ్మని చూస్తూ తాగింది. అది తాగడం అయ్యేసరికి మిగతావాళ్ళ ప్రాణాలు కడబట్టాయి, అయినా ఎవరూ విసుక్కోలేదు. గుట్టమ్మ తన వంతు వచ్చినప్పుడే తాగింది.

ఆ సాయంత్రమే అందరూ కూర్చుని ఆమెని పెద్దగా ఎన్నుకున్నారు. తోకరాయుడు, "ఏనుగు బతికినా వెయ్యి, చచ్చినా వెయ్యి అన్నారు. అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మే పెద్ద" అన్నాడు.

"చచ్చాక వచ్చే ఆ వెయ్యి నా చేతికి రాదు కదురా" అని నవ్వింది గుట్టమ్మ. "మూడు వేసవులు ఉంటాను. ఆ తర్వాత ఇంకొకర్ని చూసుకోండి. చెలమ దగ్గర మాత్రం ఒకటే కట్టుబాటు, వచ్చిన వరసలో తాగడం. నాకైనా అంతే."

వరస చూడ్డానికి తాబేలు డిప్పయ్యని పెట్టారు. డిప్పయ్య వయసులో అందరికంటే పెద్ద, గుట్టమ్మకి కూడా మామ వరస. ఆయన్ని భయపెడితే తల లోపలికి లాక్కుంటాడు గానీ అన్న మాట వెనక్కి తీసుకోడు. చెలమ గట్టున రాయిలా కూర్చుని, "తర్వాత ఎవరు? రా. నువ్వు కాదు, నీ ముందువాడు" అంటూ ఉండేవాడు. అడవిపంది కోరయ్య ఒకసారి దూరబోతే, "పులిని పొడిచావని నీకు రెండు వంతులు రావు నాయనా" అని వెనక్కి పంపాడు. కోరయ్య గుర్రుమన్నాడు, కానీ వెళ్ళి నిలబడ్డాడు.

మొదటి వేసవి అలా చల్లగానే గడిచింది.

రెండో వేసవిలో ఒక రోజు నిప్పులు చెరిగే ఎండ. జింక చుక్కమ్మ తన కూనని ముట్టెతో నెట్టుకుంటూ వచ్చింది. కూన కాళ్ళు తడబడుతున్నాయి, కళ్ళు తేలేస్తోంది. చూస్తే వరస చాలా పొడుగుంది. గుట్టమ్మ తన వంతుకోసం మధ్యలో నిలబడి ఉంది. ఆ కూనని చూసి తనున్న చోటినించే కేకేసింది.

"డిప్పయ్య మామా, ఆ పిల్లని ముందు పోనియ్యి."

"అలాగే తల్లీ. వరసలో ఉన్నవాళ్ళని ఒక్క మాట అడుగుతాను. కాదనేవాళ్ళెవరూ లేరులే" అన్నాడు డిప్పయ్య.

"అది ప్రాణం మీదకొచ్చి ఉంటే అడుగుతూ కూర్చుంటావా? నేను చెప్తున్నాగా!"

డిప్పయ్య ఒక్క క్షణం ఆమె వైపు చూసి పక్కకి జరిగాడు. కూన తాగింది, లేచి నిలబడింది. వరసంతా సంతోషించింది. అమ్మ మనసు వెన్న అన్నారు. గుట్టమ్మకి కూడా ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. నేను చెప్తున్నాగా అన్న ఆ మాటని చెవిలో దాచుకుని పోయినవాడు ఒకడున్నాడని ఆమెకి తెలీదు.

ఏనుగు కడుపంటే మాటలా? తెల్లారకముందే కొండమీదికి మేతకి పోతే పొద్దు వాలాకే రావాలి. మూడో వేసవికి వాగు మరీ లోతుకి ఎండిపోయింది, దగ్గర్లో మేత కూడా లేకుండా పోయింది. గుట్టమ్మ తెల్లవారుజామునే చెలమ తవ్వేసి, నీళ్ళు ఊరేదాకా కూడా ఆగకుండా మేతకి పోయేది. ఆమె తిరిగొచ్చేసరికి అంతా సద్దుమణిగి ఉండేది, గోతి అడుగున ఆమెకోసం కాసిని నీళ్ళు ఉండేవి. అంతా సవ్యంగా ఉందనే అనుకుంది.

ఒక మధ్యాహ్నం చుక్కమ్మ కొండెక్కి వచ్చింది. జింక అంత దూరం ఒంటరిగా రావడమే వింత.

"అమ్మా, నిన్నొకటి అడగనా? కోపం తెచ్చుకోకు."

"అడుగు."

"నువ్వు నక్కలకీ తోడేళ్ళకీ ముందు నీళ్ళు తాగమని చెప్పావా? నా బిడ్డకి మూడు రోజులుగా బురదే దొరుకుతోంది."

"నేనా? ఎవరన్నారు?"

"నువ్వే అన్నావంటున్నారు" అని చుక్కమ్మ తల దించుకుంది. "పులి ఉన్నప్పుడు పులి కనబడితేనే భయపడేవాళ్ళం. ఇప్పుడు నువ్వు కనబడకపోయినా నీ పేరు వింటే భయమేస్తోంది తల్లీ."

గుట్టమ్మ నోట్లో వెదురాకు నోట్లోనే ఉండిపోయింది. నమిలేది మానేసి, వెంటనే కొండ దిగింది.

వాగు వంపులో వరస తోక కనబడింది. గుట్టమ్మ చప్పుడు చెయ్యకుండా వెళ్ళి అందరి వెనక నిలబడింది. ముందునించి తోకరాయుడి గొంతు వినబడుతోంది.

"జరగండి, జరగండి! తోడేలు మామ వస్తున్నాడు. అమ్మ చెప్పింది!"

తోడేలు వెనకే రాయుడి బావమరిది, వాడి వెనక వాడి తోడల్లుడు. పక్కన పొదలో ఎండ్రకాయలూ, అడవికోడి గుడ్లూ పోగుపడి ఉన్నాయి. ముందు తాగనిచ్చినందుకు రాయుడికి ముట్టిన మర్యాదలు అవి. అమ్మ చెప్పిందన్న మాట వినగానే వరసలోని కుందేళ్ళూ జింకలూ దుప్పులూ పక్కకి తప్పుకున్నాయి. అందరూ తలలు వంచుకున్నారు, పులి రోజుల్లో వంచినట్టే. అది చూసి గుట్టమ్మకి ఏడుపొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండిపోయింది.

రెండంగల్లో ముందుకొచ్చింది. "ఒరే రాయుడూ! నేనెప్పుడు చెప్పానురా?"

తోకరాయుడు అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు పట్టుకునే రకం. ఇసకలో బోర్లా పడ్డాడు. గుట్టమ్మ కాలెత్తింది. ఆ కాలు దిగితే నక్క పేరు ఇసకలో కలిసిపోయేదే.

"తొక్కమ్మా, తొక్కు. నీ ఇష్టం. నువ్వు తొక్కితే అడిగేవాళ్ళెవరున్నారు?" అన్నాడు రాయుడు.

గుట్టమ్మ చుట్టూ చూసింది. నిజమే, అడిగేవాళ్ళెవరూ లేరు. ఎవరి తలా పైకి లేవలేదు. ఎత్తిన కాలు చాలాసేపు గాల్లోనే ఉండిపోయింది. తర్వాత మెల్లిగా, నక్కకి దూరంగా దించింది. రాయుడు తోక ముడిచి పొదల్లోకి జారుకున్నాడు.

"మామా, నువ్వుండి ఇదంతా ఎలా జరగనిచ్చావు?" అంది డిప్పయ్యతో.

"నువ్వు నేర్పిందే తల్లీ. వరస కంటే నీ మాట పైదని నిరుడు నువ్వే చెప్పావు. ఆ మాట నిజంగా నీదో కాదో కనుక్కుందామంటే నువ్వు కొండమీద, నేను ఇక్కడ. నేను కొండెక్కి అడిగి వచ్చేసరికి వానాకాలం వస్తుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. నీకు ఈ పూజారి తయారయ్యాడు."

"నిరుడు ఆ కూన చచ్చిపోయేది కదా మామా!"

"చావనిమ్మన్నానా? వరసని అడుగుదామన్నాను. అడిగితే అది వాళ్ళ దయ అయ్యేది. నువ్వు హుకుం చేశావు, కూన బతికింది, హుకుం కూడా బతికింది."

గుట్టమ్మ వరస వైపు తిరిగింది. "అయితే ఇప్పుడు చెప్తున్నాను. అమ్మ చెప్పిందని ఇకముందు ఎవరన్నా నమ్మకండి" అంది.

"ఇదీ నీ మాటే కదా. రేపు రాయుడొచ్చి, అమ్మ మనసు మార్చుకుంది అంటే?"

గుట్టమ్మ మళ్ళీ కొండెక్కలేదు. ఆ వేసవి మిగిలిన రోజులన్నీ మేత మానుకుని చెలమ గట్టునే నిలబడింది. ఆమె ఉన్నంతసేపూ వరస సరిగ్గా నడిచింది. ఆమె డొక్కలు మాత్రం లోపలికి పోయాయి, వెన్ను దూలం తేలింది. ఇలా ఎన్నాళ్ళు నిలబడను, నేను పడిపోయిన రోజున వీళ్ళ గతేమిటి అన్న దిగులు ఆకలి కంటే ఎక్కువ తినేసింది.

నిలబడ్డ చోట ఊరికే ఉండలేక కోరయ్యని పిలిచింది.

"ముట్టెతో దుంపలు తవ్వుతావు కదా, చెలమ తవ్వడం నేర్చుకోకూడదూ?"

"ఏనుగులు చేసే పని నాకెందుకమ్మా?"

"ఏనుగు లేని రోజు దాహం వెయ్యదా నీకు?"

కోరయ్య నిలువుగా తవ్వాడు, ఇసకంతా కూలి వాడి మూతిమీదే పడింది. పొదలోంచి తోకరాయుడు పొట్టపట్టుకుని నవ్వాడు. "బురదలో పొర్లేవాడికి గంగ కావాల్సొచ్చింది" అన్నాడు. గట్లు ఏటవాలుగా తియ్యాలనీ, తడి ఇసక ఎక్కడుందో వాసన పట్టాలనీ గుట్టమ్మ ఓపిగ్గా చూపించింది. నవ్విన నాపచేనే పండుతుందంటారు. వేసవి చివరికొచ్చేసరికి కోరయ్య చెలమలో నీళ్ళూరాయి. చిన్నదే, కొంచెం వంకర, కానీ నీళ్ళు నీళ్ళే.

తొలకరి పడింది. గుట్టమ్మ గడువు తీరింది. ఇప్పచెట్ల కింద అందరూ చేరారు.

అందరికంటే ముందు లేచింది తోకరాయుడే. ఆ రోజు తొక్కలేదంటే అమ్మకి నా మీద గురి ఉంది, మౌనం అర్ధాంగీకారం అని వాడి లెక్క. కళ్ళు తుడుచుకుంటూ మొదలెట్టాడు.

"అమ్మ డొక్కలు చూశారా? మనకోసం తిండి మానేసి కాపలా కాసింది. ఆవిడకి ఈ కష్టం ఎందుకు? అమ్మని శాశ్వతంగా పెద్దగా ఉంచుదాం. ఆవిడ మాట వరస కంటే పైదని ఒప్పుకుందాం. హాయిగా కొండమీద మేస్తూ ఉంటుంది. ఆవిడ మాట మోసుకొచ్చే శ్రమ నేను పడతాను. ఆవిడ తప్పుకుంటే పులి మళ్ళీ దిగుతుంది, ఆలోచించుకోండి!"

పులి పేరు వినగానే అందరికీ చెమటలు పోశాయి. పైగా అమ్మంటే ప్రేమ. "అమ్మే ఉండాలి! అమ్మ మాటే మాట!" అని అడవి దద్దరిల్లేలా అరిచారు. రాయుడి వల్ల బురద తాగినవాళ్ళు కూడా అరిచారు. గుట్టమ్మకి కోపం రాలేదు, జాలేసింది.

"నా మాట వరస కంటే పైదంటారు. అంతేనా రాయుడూ?" అని అడిగింది.

"అంతేనమ్మా!"

"నేనేమన్నా ఎవరూ కాదనకూడదు?"

"కాదన్నవాడు అడవిలో ఉండకూడదు. నేనే ముందు తరిమేస్తాను!"

"ఒట్టేనా?"

"నా తోక మీద ఒట్టు!"

"అయితే వినండి. పెద్దగా ఉన్నవాళ్ళెవరి మాటా వరస కంటే పైది కాదు. మూడు వేసవులు దాటి ఎవరూ పెద్దగా ఉండకూడదు. నా మూడూ అయిపోయాయి, నేను దిగిపోతున్నాను."

అందరూ తోకరాయుడి వైపు చూశారు. కాదంటే అమ్మ మాట కాదన్నవాడవుతాడు, అడవి వదిలిపోవాలి. అవునంటే అమ్మ మాట మోసుకొచ్చే పని ఊడినట్టే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వాడు తన తోక వైపు చూసుకున్నాడు. డిప్పయ్య డిప్పలోంచి కిసుక్కుమని నవ్వు వినబడింది.

అక్కడితో ఆగి ఉంటే గుట్టమ్మ గెలిచినట్టే. కానీ ఆమె ఆగలేదు.

"ఒక తప్పు ఒకసారి చేశాను" అంది. "ఇప్పుడన్నది కూడా నా మాటే. నా మాటతో వచ్చిన కట్టుబాటు రేపు ఇంకొకరి మాటతో పోతుంది. అందుకని అది కూడా వెనక్కి తీసుకుంటున్నాను. మిమ్మల్ని అడుగుతున్నాను. కుందేలా, నువ్వు చెప్పు. నీకేం కావాలి?"

కుందేలు అటూ ఇటూ చూసింది. దాన్ని ఎవరైనా ఏదైనా అడగడం పులి పోయిన మర్నాటి తర్వాత మళ్ళీ ఇదే. "నాకు... ముందొస్తే ముందు తాగాలని ఉందమ్మా. నిన్ను అడక్కుండా" అంది.

దుప్పి అదే అంది. చుక్కమ్మ కూన అదే అంది. కోరయ్య, "పెద్దకి గడువుండాలి. తవ్వేది ఒకరు, వరస చూసేది ఒకరు, పెద్దరికం ఇంకొకరిది కావాలి. మూడూ ఒకరి దగ్గరుంటే మళ్ళీ నక్క పుడుతుంది" అన్నాడు. పంది నోటినించి అంత మాట వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఒక్కొక్కర్నీ అడుగుతూ వచ్చేసరికి పొద్దు వాలింది. చివరికి మిగిలింది తోకరాయుడు.

"నీ మాటేంటి రాయుడూ?"

రాయుడు మింగలేక కక్కలేక, "అందరికీ ఎలాగో నాకూ అలాగే" అన్నాడు.

కొత్త పెద్దగా చుక్కమ్మని అనుకున్నారు. "నేనా? ఆకు కదిలితే పరిగెత్తేదాన్ని!" అంది చుక్కమ్మ. "ప్రమాదం ముందు తెలిసేది నీకే కదా" అంది గుట్టమ్మ. ఆ మాట మీద మాత్రం ఎవరూ ఒట్టు పెట్టలేదు, ఆలోచించి ఒప్పుకున్నారు.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. గుట్టమ్మ ఒక రోజు మేత ముగించుకుని చెలమ దగ్గరికొచ్చింది. కోరయ్య తవ్విన చెలమ, ఇప్పటికీ కొంచెం వంకరే. వరసలో ఆమెకి ముందు తోకరాయుడు నిలబడి ఉన్నాడు. ముంగాలికి ముల్లు దిగి కుంటుతున్నాడు. వాడి వెంట బావమరిదీ లేడు, తోడల్లుడూ లేడు. అమ్మడానికి వాడి దగ్గర ఎవరి పేరూ లేదు.

వెనక్కి తిరిగి ఆమెని చూడగానే వాడి కళ్ళు మెరిశాయి. "అయ్యయ్యో, అమ్మ నా వెనకా! జరగండర్రా, అమ్మకి దారివ్వండి!" అని అరిచాడు.

వరసలో ఒక్క తలా వంగలేదు. ఒక్కరూ జరగలేదు. ఎక్కడో ముందు కుందేలు, "ఎవరికి దాహమైతే వాళ్ళు అడుగుతారులే, నువ్వు నిలబడు" అంది. అందరూ నవ్వారు.

ఎవరూ జరగలేదని గుట్టమ్మకి మనసులో చిన్న ముల్లు గుచ్చుకుంది, కాదనను. ఎంతైనా పులిని తరిమిన తల్లి. కానీ ఆ నిటారుగా ఉన్న తలలు చూస్తుంటే ఆ ముల్లు దానంతటదే ఊడిపోయింది. ఆమె ఒక చెట్టులా తన చోట తను నిలబడింది.

రాయుడి వంతు వచ్చింది. కోరయ్య కోరలు చూపించి, "వీడికి నీళ్ళా?" అన్నాడు.

"తవ్వడమే నీ పని. వాడు వరసలో వచ్చాడు, తాగనీ" అన్నాడు డిప్పయ్య.

తోకరాయుడు వెనక్కి తిరిగి, "నిజంగా నన్ను తాగమంటావా అమ్మా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"నన్నెందుకు అడుగుతావురా? అది నీ వంతు" అంది గుట్టమ్మ.

రాయుడు తల దించి తాగాడు. ఎవరి పేరూ అమ్ముకోకుండా వాడి గొంతు తడిసి చాలా కాలమైంది. వాడి తర్వాత గుట్టమ్మ తాగింది.

నీతి: ముందు నడిచినవాళ్ళ అడుగే వెనకవాళ్ళకి బాట అవుతుంది, అందుకే ముందు నడిచేవాళ్ళు దయ చూపించేటప్పుడు కూడా అడిగి అడుగెయ్యాలి.